బి.ఎ. నుంచి బి.ఇ.కి ఎన్ని మెట్లు?

తిరుత్తణి కొండకు 365 మెట్లని అక్కడి చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఏడాదికి ఎన్ని రోజులో అన్ని మెట్లు. ఆ కొండ కింది ఊళ్లోనే 1888 సెప్టెంబరు 5న ఒక తెలుగు ఇంట్లో సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టారు. ఆయన తత్వశాస్త్రం చదవడానికి కారణం పెద్ద ఆలోచనేమీ కాదు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరేనాటికి ఇంట్లో డబ్బుకు కటకట. అదే కాలేజీలో చదువు ముగించిన ఒకాయన, వరుసకు సోదరుడు, తన తత్వశాస్త్రం పుస్తకాలు ఆయనకు ఇచ్చేశాడు. కొనక్కర్లేని పుస్తకాలు ఏ సబ్జెక్టువో అదే ఆయన సబ్జెక్టు అయింది.

రాధాకృష్ణన్ పుట్టినరోజు ఉపాధ్యాయ దినోత్సవమైతే, సరిగ్గా పది రోజులకు, సెప్టెంబరు 15న, ఇంజినీర్ల దినోత్సవం వస్తుంది. అది మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టినరోజు. ఆయన పూర్వీకులది గిద్దలూరు దగ్గరి మోక్షగుండం, ఇంటి భాష తెలుగు. బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో చదివి 1881లో మద్రాసు విశ్వవిద్యాలయం బి.ఎ. పట్టా తీసుకున్నారు. తర్వాత మైసూరు ప్రభుత్వం స్కాలర్‌షిప్ ఇస్తే పూనా సైన్స్ కాలేజీకి వెళ్లి 1883లో సివిల్ ఇంజినీరు అయ్యారు. బి.ఎ. చదివిన మనిషే తర్వాత హైదరాబాదుకు మూసీ వరదల నుంచి రక్షణ పథకం రాశాడు.

ఈ రెండో కథ చెప్పి పిల్లల్ని ఉత్సాహపరచడం తేలికే. కానీ ఒక సంగతి దాచకూడదు. అప్పటి బి.ఎ.లో గణితం, సైన్సు కూడా చదివేవారు. బి.ఎ.కీ బి.ఎస్సీ.కీ మధ్య ఇప్పుడున్నంత గోడ అప్పుడు లేదు. విశ్వేశ్వరయ్య లెక్కలు చేతపట్టుకునే పూనా రైలెక్కారు. ఈ రోజు తిరుత్తణిలోనో తిరువళ్లూరులోనో బి.ఎ. హిస్టరీ మొదటి సంవత్సరం చదువుతూ “నేను ఇంజినీరింగ్‌కు మారొచ్చా?” అని అడిగే పిల్లకు మొదట వేయాల్సిన ఎదురు ప్రశ్న ఒక్కటే: ప్లస్ టూలో నీది ఏ గ్రూపు?

తిరువళ్లూరు జిల్లా పడమటి కొసన పళ్లిపట్టు, పొదటూరుపేట వైపు మగ్గం తెలియని ఇల్లు తక్కువ. వాళ్లకు ఒక్క మాటలో అర్థమవుతుంది. ప్లస్ టూ గ్రూపు పడుగు, కాలేజీ చదువు పేక. పేక రంగు మధ్యలో మార్చుకోవచ్చు. పడుగు మార్చాలంటే మగ్గం ఆపి, పోగులన్నీ మళ్లీ ఎక్కించాలి. కుదరని పని కాదు, రోజులు పడతాయి. ఎన్ని రోజులు, ఎంత ఖర్చు అన్నదే ఇక్కడ లెక్కవేసి చూద్దాం.

ముందు సులువైన సందర్భం. చాలామంది ప్లస్ టూలో గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివే ఉంటారు. మార్కులు ఆశించినంత రాలేదనో, ఫీజుకు భయపడో, ఇంటికి దగ్గరనో ఆర్ట్స్ కాలేజీలో చేరి ఉంటారు. వాళ్ల పడుగు బాగానే ఉంది. తమిళనాడులో ఇంజినీరింగ్ సీట్లను టి.ఎన్.ఇ.ఎ. అనే కౌన్సెలింగ్ ద్వారా సాంకేతిక విద్యా డైరెక్టరేట్ భర్తీ చేస్తుంది. దీనికి వేరే ప్రవేశ పరీక్ష లేదు. 2006లో చేసిన చట్టంతో ఆ పరీక్ష పోయింది, 2007 నుంచి ప్లస్ టూ మార్కులే ఆధారం. కాబట్టి నిరుటి మార్కుల జాబితాతోనే వచ్చే ఏడాది దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఇక్కడ కటాఫ్ అన్న మాట వినబడుతుంది. అంటే సీట్ల వరసలో మీ స్థానం తేల్చే 200 మార్కుల లెక్క. గణితం మార్కులు నూటికి నూరు ఉన్నవి ఉన్నట్టే తీసుకుంటారు. ఫిజిక్స్‌ను సగం చేస్తారు, కెమిస్ట్రీని సగం చేస్తారు. ఒకమ్మాయికి గణితంలో 72, ఫిజిక్స్‌లో 64, కెమిస్ట్రీలో 70 వచ్చాయనుకోండి. 72కు 32, 35 కలిపితే 139. ఈ లెక్కలో గణితం బరువు మిగతా రెండూ కలిపినంత. అర్హతకు వేరే గీత ఉంది: మూడు సబ్జెక్టుల సగటు జనరల్ వాళ్లకు 45 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 40 శాతం. అంటే 300కు 135 లేదా 120. పై అమ్మాయికి 206 ఉన్నాయి కాబట్టి అర్హత ఖాయం. 139తో పేరున్న కాలేజీలో కంప్యూటర్ సైన్స్ దొరకడం కష్టం, ఏదో ఒక సీటు మాత్రం దొరుకుతుంది. కౌన్సెలింగ్‌లో నాలుగు వందలకు పైగా కాలేజీలు ఉంటాయి, ఏటా వేల సీట్లు మిగిలిపోతూనే ఉన్నాయి. సీటు దొరకడం ఒకటి, చదవదగ్గ సీటు దొరకడం మరొకటి అని మాత్రం ఇంట్లో పెద్దవాళ్లు గుర్తుంచుకోవాలి.

ఈ సందర్భంలో పోయేది ఒక సంవత్సరం. ఆ అమ్మాయి పందొమ్మిదేళ్లకు బి.ఇ.లో చేరి ఇరవై మూడుకు బయటికొస్తుంది. ఆ ఒక్క సంవత్సరం గురించి ఇంట్లో గొడవ పడాల్సిన అవసరం నాకు కనిపించదు.

అసలు చిక్కు రెండో సందర్భంలో. ప్లస్ టూలో హిస్టరీ, ఎకనామిక్స్, కామర్స్ చదివిన పిల్లలు. “బిజినెస్ మ్యాథ్స్ చదివాను కదా, అది లెక్కల్లోకి రాదా?” అని కొందరు అడుగుతారు. రాదు. బిజినెస్ మ్యాథమెటిక్స్ వేరే సబ్జెక్టు. పైగా ఫిజిక్స్, కెమిస్ట్రీ లోటు ఎలాగూ ఉంటుంది. “2021లో ఏఐసీటీఈ గణితం, ఫిజిక్స్ తప్పనిసరి కాదన్నట్టు పేపర్లో చదివానే?” అన్నది ఇంకో సందేహం. ఏఐసీటీఈ అంటే దేశంలో సాంకేతిక కాలేజీలకు అనుమతులిచ్చే అఖిల భారత మండలి. ఆ ఏడాది అది పద్నాలుగు సబ్జెక్టుల పట్టిక ఇచ్చి వాటిలో ఏ మూడైనా చాలన్న మాట నిజమే. అది దేశం మొత్తానికి వేసిన కనీసపు గీత, దానిమీద రాష్ట్రం తన గీత తాను గీసుకోవచ్చు. టి.ఎన్.ఇ.ఎ. అడిగేవి ఇప్పటికీ ఆ మూడు సబ్జెక్టులే. నగరి, పుత్తూరు దాటి ఆంధ్రలో చేరుదామన్నా అక్కడ ఇంటర్ ఎం.పి.సి. కావాలి, ఈఏపీసెట్ ప్రవేశ పరీక్ష కూడా రాయాలి.

తిరుత్తణి వాళ్లకు ఇలా సరిహద్దు మీద నిలబడి రెండు వైపులా చూడటం కొత్త కాదు. 1960 ఏప్రిల్ 1న ఈ తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. చుట్టరికాలు అటూ ఇటూ ఉండిపోయాయి. అందుకే అన్న కొడుకు తిరుపతిలో చేసినట్టే మనమూ చేయొచ్చనుకుంటారు. చదువుల నిబంధనల్లో మాత్రం గీత గీతే.

పోనీ, బి.ఎ.లో చదివిన సంవత్సరాన్ని బి.ఇ.లో కలిపేసుకోలేమా? కొత్త విద్యా విధానం, క్రెడిట్ బ్యాంకు అంటూ మాటలు వినబడుతున్నాయి కదా! క్రెడిట్ అంటే చదువును తూచే గుండు: వారానికి ఒక గంట పాఠం చొప్పున ఒక సెమిస్టరంతా వింటే ఒక క్రెడిట్. 2018లో ఏఐసీటీఈ ఇచ్చిన నమూనా పాఠ్యప్రణాళికలో నాలుగేళ్ల ఇంజినీరింగ్‌కు 160 క్రెడిట్లు. అందులో మానవీయ శాస్త్రాలు, మేనేజ్‌మెంట్ అన్నీ కలిపి 12. మిగతా 148లో ప్రాథమిక సైన్సు 25, ఇంజినీరింగ్ పునాది సబ్జెక్టులు 24, బ్రాంచి ప్రధాన సబ్జెక్టులు 48, ఎంచుకునేవి 36, ప్రాజెక్టు, శిక్షణ 15. సెమిస్టరుకు సగటున 20 క్రెడిట్లు. కాబట్టి బి.ఎ. హిస్టరీలో చదివినదంతా ఎంతో ఉదారంగా కలిపి లెక్కించినా ఆ 12కు మించదు, ఒక్క సెమిస్టరు కూడా మిగలదు. రూపాయల్లో చెప్పాలంటే నూరు రూపాయల బిల్లులో ఏడున్నర రూపాయల చీటీ పట్టుకెళ్లినట్టు.

ఆ ఏడున్నర రూపాయల్ని చిన్నచూపు చూడమని నా ఉద్దేశం కాదు. 1948లో విశ్వవిద్యాలయాల స్థితి పరిశీలించడానికి ప్రభుత్వం వేసిన కమిషన్‌కు అధ్యక్షుడు ఈ తిరుత్తణి ఆయనే. ఏ వృత్తివిద్య చదివేవారికైనా సాధారణ విద్య కూడా అందాలని ఆ నివేదిక గట్టిగా చెప్పింది. ఇంజినీరింగ్ చదివే పిల్లలు కొద్దిగానైనా చరిత్ర, ఆర్థికశాస్త్రం ముట్టుకోవాలన్న ఆలోచనకు ఆయన కమిషన్ బలం ఇచ్చింది. బి.ఎ.లో ఒక సంవత్సరం చదివి వచ్చిన పిల్లకు రాయడం, వాదించడం తోటివాళ్లకన్నా బాగా వస్తుంది. క్రెడిట్లుగా లెక్కకు రాకపోయినా అది ఆమె దగ్గరే ఉంటుంది.

“అమెరికాలో మా మేనమామ కూతురు హిస్టరీలో చేరి రెండో ఏట కంప్యూటర్ ఇంజినీరింగ్‌కు మారిందండీ” అంటారు. అక్కడ నిజంగానే కుదురుతుంది. చాలా విశ్వవిద్యాలయాల్లో ప్రధాన సబ్జెక్టును రెండో ఏడాది చివరిదాకా ప్రకటించకపోయినా ఫరవాలేదు. అయితే అక్కడా గణితాన్ని తప్పించుకోలేరు. ఆ దేశంలో ఇంజినీరింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే అబెట్ అనే సంస్థ, డిగ్రీలో కనీసం 30 క్రెడిట్లు గణితం, ప్రాథమిక సైన్సు, 45 క్రెడిట్లు ఇంజినీరింగ్ ఉండాలంటుంది. మారే పిల్లలు ఆ క్యాలిక్యులస్, ఫిజిక్స్ తరగతులన్నీ మొదటినుంచీ చదివి రావాలి. కొన్ని కాలేజీల్లో మూడేళ్లు మామూలు డిగ్రీ, రెండేళ్లు ఇంజినీరింగ్ అని అయిదేళ్ల ఒప్పందమే ఉంటుంది. తేడా ఎక్కడంటే, వాళ్లు ఆ లెక్కల్ని కాలేజీలో చేరాకే నేర్చుకోవచ్చు. మనం అవి నేర్చుకున్నట్టు కాగితం చూపిస్తేగానీ గేటు తెరవరు.

ఇక మన పిల్లకు దారులు. పళ్లిపట్టు వైపు ఒక పవర్‌లూమ్ కుటుంబం అనుకుందాం. అమ్మాయికి పద్దెనిమిదేళ్లు, బి.ఎ. మొదటి సంవత్సరం, ప్లస్ టూలో హిస్టరీ గ్రూపు.

నాకు అన్నిటికన్నా నమ్మకమున్న దారి, మన ఊళ్లలో అందరూ చిన్నచూపు చూసేది: పాలిటెక్నిక్. డిప్లొమా మొదటి సంవత్సరంలో చేరడానికి పదో తరగతి పాసైతే చాలు. ప్లస్ టూలో ఏం చదివావని అడగరు. మూడేళ్ల డిప్లొమా ముగించాక నేరుగా బి.ఇ. రెండో సంవత్సరంలో చేరవచ్చు. దీన్ని లేటరల్ ఎంట్రీ అంటారు, అంటే పక్క తలుపు ప్రవేశం. డిప్లొమాలో కనీసం 45 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 40 శాతం ఉండాలి. ఈ దారిలో హిస్టరీ గ్రూపు ఎక్కడా అడ్డు రాదు. మూడు, మూడు, ఆరేళ్లు. ఇరవై నాలుగేళ్లకు చేతిలో డిప్లొమా, బి.ఇ. రెండూ ఉంటాయి. తిరువళ్లూరు నుంచి చెన్నై పోయే లోకల్ రైలు దారిలోనే ఆవడిలో మురుగప్ప పాలిటెక్నిక్ ఉంది, నగరంలో తరమణి సెంట్రల్ పాలిటెక్నిక్ ఉంది. మధ్యలో డబ్బు ఇబ్బందొచ్చి మూడేళ్ల దగ్గర ఆగాల్సి వచ్చినా డిప్లొమాతో గుమ్మిడిపూండి వైపో అంబత్తూరు వైపో ఫ్యాక్టరీలో పని వెతుక్కోవచ్చు. బి.ఇ. మూడో సంవత్సరంలో ఆగిపోతే చేతికి అలాంటి ఆసరా ఉండదు. ఇంటి పరిస్థితి నిలకడగా లేనివాళ్లకు ఈ ఒక్క కారణం చాలు.

ఈ దారిలో ఒక గతుకు ఉంది, ముందే చెప్పాలి. పక్క తలుపున వచ్చినవాళ్లు బి.ఇ. మొదటి సంవత్సరం చదవరు. అన్నా విశ్వవిద్యాలయం 2021 నిబంధనల ప్రకారం మొదటి సెమిస్టరులో మాత్రికలు, క్యాలిక్యులస్, రెండో దాంట్లో గణాంకాలు, సంఖ్యా పద్ధతులు ఉండేవి. ఇవేవీ చూడకుండానే చాలా బ్రాంచీల్లో మూడో సెమిస్టరులో ట్రాన్స్‌ఫార్మ్స్, పాక్షిక అవకలన సమీకరణాల పేపరు ఎదురయ్యేది. అవకలనం అంటే ఒకటి మారుతుంటే మరొకటి ఎంత వేగంగా మారుతుందో కొలిచే లెక్క. డిప్లొమా నుంచి వచ్చిన పిల్లలకు అరియర్ పడేది ఎక్కువగా ఇక్కడే. డిప్లొమా చివరి వేసవి సెలవుల్లో ఆ రెండు మొదటి సంవత్సరపు పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటే సగం భయం పోతుంది.

ఇంకో దారి, ప్లస్ టూ మళ్లీ చదవడం. మళ్లీ స్కూలు బెంచీ మీద కూర్చుంటే రెండేళ్లు, బి.ఇ. నాలుగేళ్లు. అదీ ఆరే. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అందరూ ఎన్.ఐ.ఓ.ఎస్. అనేది, విడివిడిగా సబ్జెక్టులు తీసుకుని రాసుకునే వీలిస్తుంది. ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మే నెలల్లోను అక్టోబరు-నవంబరుల్లోను పరీక్షలు. ఒకసారి నమోదైతే అయిదేళ్లలో తొమ్మిది అవకాశాలు. బాగా చదివే పిల్లయితే ఏడాదిలో మూడు సబ్జెక్టులు ముగించి మొత్తం అయిదేళ్లలో బి.ఇ. చేతపట్టవచ్చు. కానీ ఇలా విడిగా రాసిన సబ్జెక్టుల మార్కుల జాబితాను ఆ ఏడాది కౌన్సెలింగ్‌కు ఒప్పుకుంటారా లేదా అన్నది సాంకేతిక విద్యా డైరెక్టరేట్ నుంచి రాతపూర్వకంగా తెలుసుకున్నాకే డబ్బు కట్టండి. పక్కింటివాళ్ల మాట, ట్యూషన్ సెంటరు మాట దీనికి చాలవు.

మూడోది, బి.ఎ. వదలకుండానే కంప్యూటర్ వైపు తిరగడం. ఇంజినీరింగ్ అంటే మనసులో ఉన్నది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమేనా, లేక వంతెనలు, మోటార్లు, కరెంటు యంత్రాలా? ఈ ప్రశ్న పిల్లను కూర్చోబెట్టి అడగాలి. పదిమందిలో ఎక్కువమంది చెప్పేది మొదటిదే. అలాగైతే బి.ఎ. మిగిలిన రెండేళ్లు ముగించి, రెండేళ్ల ఎం.సి.ఎ. చేయవచ్చు. మొత్తం నాలుగేళ్లు, ఇరవై రెండుకు అయిపోతుంది. ఎం.సి.ఎ.కు ప్లస్ టూలోనో డిగ్రీలోనో గణితం ఉండటం మేలంటుంది ఏఐసీటీఈ. లేనివాళ్లకు వంతెన కోర్సు, అంటే లోటు పూడ్చే చిన్న కోర్సు, పెట్టమంటుంది. విశ్వవిద్యాలయాలు తమ నిబంధన వేరేగా పెట్టుకోవచ్చు గనుక దరఖాస్తు చేసే ముందు ఆ ఒక్క వాక్యం చదివి చూసుకోవాలి.

ఈ దారికే ఇప్పుడు ఒక కొత్త కొమ్మ వచ్చింది. ఐఐటీ మద్రాసు 2020లో ఇంటి నుంచే చదివే డేటా సైన్స్ డిగ్రీ మొదలుపెట్టింది. డేటా సైన్స్ అంటే గుట్టలుగా పోగుపడిన లెక్కల నుంచి పనికొచ్చే విషయం తీసే విద్య. దీనికి ఐఐటీ ప్రవేశ పరీక్ష జేఈఈ అక్కర్లేదు, ప్లస్ టూలో ఏ గ్రూపైనా ఫరవాలేదు. పదో తరగతిలో గణితం, ఇంగ్లీషు ఉండాలి. నాలుగు వారాల పాఠాలు విని, అప్పగించిన లెక్కలు చేసి, పరీక్ష గట్టెక్కితే సీటు. మొదటి మెట్టులో 8 సబ్జెక్టులు, 32 క్రెడిట్లు. పూర్తి బి.ఎస్. పట్టాకు 142. పాఠాలు ఇంట్లో, పరీక్షలు మాత్రం కేంద్రానికి వెళ్లి కూర్చుని రాయాలి. 2022 ఏప్రిల్‌లో విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి అనుమతించింది కాబట్టి, తిరుత్తణిలో బి.ఎ. క్లాసులకు వెళ్తూ రాత్రి ఇది చదవడానికి అడ్డు లేదు. చదువు మాత్రం తేలిక కాదు. మొదటి మెట్టులోనే గణితం, గణాంకాలు వదలకుండా వెంటపడతాయి. అయినా బి.ఎ. వదిలేయకుండా, ఊరు విడవకుండా తనను తాను పరీక్షించుకోవడానికి ఇంతకన్నా మంచి అవకాశం నాకు తెలిసి లేదు.

దారులని చెప్పి అమ్మే కొన్ని దారుల గురించీ చెప్పాలి. దూరవిద్యలో బి.ఇ., బి.టెక్. చేయిస్తామంటే నమ్మవద్దు. 2017 నవంబరులో సుప్రీంకోర్టు కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీల మీద గట్టి తీర్పు ఇచ్చింది, ఎన్నో పట్టాలు చెల్లకుండా పోయాయి. ఒకప్పుడు ఉద్యోగం చేసుకుంటూ రాసే ఏ.ఎం.ఐ.ఇ. పరీక్షలు డిగ్రీతో సమానం. 2013 మే 31 లోపు చేరినవాళ్ల వరకే ఆ గుర్తింపు. ఎం.టెక్.లో చేరడానికి రాసే గేట్ పరీక్ష గురించి “బి.ఎ. వాళ్లు గేట్ రాయొచ్చట” అన్నదీ సగం నిజమే. 2021 నుంచి ఆర్ట్స్ డిగ్రీవాళ్లూ రాయవచ్చు, మానవీయ శాస్త్రాలకు వేరే పేపరు కూడా పెట్టారు. పరీక్ష రాయడానికి అర్హత ఉందంటే ఎం.టెక్. సీటుకు అర్హత ఉందని కాదు.

ఇప్పుడు డబ్బు. 2017లో రాష్ట్ర ఫీజుల కమిటీ ప్రైవేటు కాలేజీల్లో కౌన్సెలింగ్ సీటుకు గుర్తింపు పొందిన కోర్సయితే ఏడాదికి 55,000 రూపాయలని తేల్చింది. మేనేజ్‌మెంట్ సీటుకు 87,000. 55,000 చొప్పున నాలుగేళ్లకు 2,20,000. నెలకు చూస్తే దాదాపు 4,600, రోజుకు 150. పాలిటెక్నిక్ మీదుగా వస్తే బి.ఇ. మూడేళ్లే గనుక 1,65,000. బస్సు, హాస్టలు, పుస్తకాలు వేరే.

కానీ ఇంట్లో ఎవరూ వేయని లెక్క ఇంకొకటి ఉంది. బి.ఎ. ముగించి నెలకు 15,000 జీతానికి వెళ్లిందనుకుందాం. ఇంజినీరింగ్ కోసం రెండేళ్లు అదనంగా చదివితే ఆ రెండేళ్ల జీతం, 3,60,000, ఇంటికి రాదు. అది నాలుగేళ్ల ఫీజుకన్నా పెద్ద మొత్తం. అందుకే నేను ఫీజు గురించి కన్నా సంవత్సరాల గురించి ఎక్కువ చెబుతున్నాను. మారాలనుకుంటే బి.ఎ. మొదటి ఏడాదిలోనే తేల్చుకోవాలి. మూడో ఏడాదిలో ఉన్న పిల్లను మాత్రం డిగ్రీ ముగించనివ్వండి. ఆరేడు నెలల కోసం పట్టా వదులుకుంటే తర్వాత ఎం.సి.ఎ. దారి కూడా మూసుకుపోతుంది.

ఆసరాలు కొన్ని ఉన్నాయి. ప్రభుత్వ పాఠశాలలో ఆరు నుంచి ప్లస్ టూ దాకా చదివిన ఆడపిల్లలకు పుదుమై పెణ్ పథకం 2022 సెప్టెంబరు నుంచి నెలకు వెయ్యి ఇస్తోంది. మగపిల్లలకు తమిళ్ పుదల్వన్ 2024 ఆగస్టులో వచ్చింది. డిగ్రీకీ డిప్లొమాకీ కూడా ఇస్తారు, మూడేళ్లకు 36,000. ఇది చదువు మధ్యలో ఆగకుండా సాగినవాళ్లకు. కాబట్టి బి.ఎ. మానేసి డిప్లొమాలో చేరితే ఆ డబ్బు కొనసాగుతుందో లేదో కాలేజీలో పథకం చూసే ఉద్యోగిని ముందుగా అడగాలి. ప్రభుత్వ పాఠశాల పిల్లలకు వృత్తివిద్యా కోర్సుల్లో 7.5 శాతం ప్రత్యేక కోటా కూడా 2021 చట్టంతో వచ్చింది, ఫీజు, హాస్టలు ఖర్చు ప్రభుత్వమే భరిస్తుంది. అయితే ఇంజినీరింగ్‌లో అది ఆ మూడు సబ్జెక్టులు చదివినవాళ్లకే ఉపయోగం. ఆడపిల్లలకు ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50,000. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, ఇంటికి ఇద్దరు అమ్మాయిల దాకా. పక్క తలుపున రెండో సంవత్సరంలో చేరినవాళ్లూ దరఖాస్తు పెట్టవచ్చు. అది వస్తే 55,000 ఫీజులో మిగిలేది అయిదు వేలు. బ్యాంకు చదువు రుణానికి నాలుగు లక్షల దాకా హామీ ఆస్తి చూపించక్కర్లేదు.

బి.ఎ. కాలేజీ నుంచి బయటికి రావాలంటే కట్టిన ఫీజు, ఒరిజినల్ సర్టిఫికెట్లు అక్కడే చిక్కుకుంటాయని భయపడతారు. ఒరిజినల్స్ కాలేజీ దగ్గర అట్టేపెట్టుకోకూడదని యూజీసీ స్పష్టంగా చెప్పింది. ఫీజు సంగతి 2018 నాటి నిబంధనలో ఉంది. ప్రవేశాల చివరి తేదీ తర్వాత పదిహేను రోజుల్లోపు మానేస్తే 80 శాతం తిరిగివ్వాలి, పదిహేను నుంచి ముప్ఫై రోజుల మధ్య అయితే సగం, నెల దాటితే ఏమీ లేదు. 20,000 కట్టి ఉంటే 16,000, పదివేలు, సున్నా. కొన్ని సంవత్సరాల్లో యూజీసీ ఇంకా ఎక్కువ గడువు ఇచ్చింది కాబట్టి ఆ ఏడాది ఉత్తర్వు చూసుకోవాలి. ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీలో ఫీజే తక్కువ గనుక అక్కడ దీనికి కంగారు అక్కర్లేదు.

తెలుగు మీడియంలో చదివిన పిల్లల తల్లిదండ్రులు అడిగేది ఇంకొకటి ఉంది: “అంతా ఇంగ్లీషులో ఉంటే ఎలా?” మొదటి ఏడాది కష్టంగానే ఉంటుంది. 2021లో ఏఐసీటీఈ తెలుగు సహా కొన్ని భాషల్లో ఇంజినీరింగ్ చెప్పడానికి అనుమతించింది. అందుకోసం అనువాదం చేయించిన తెలుగు పాఠ్యపుస్తకాలు ఇ-కుంభ్ పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతాయి. క్లాసు ఇంగ్లీషులో విన్నా, రాత్రి ఆ పాఠాన్నే తెలుగులో ఒకసారి చదువుకుంటే అర్థం కాకపోవడం భాష వల్లో, లెక్క వల్లో తెలిసిపోతుంది. భాష వల్ల అయితే ఆరు నెలల్లో సర్దుకుంటుంది.

లెక్క వల్ల అయితేనో? దాన్ని తెలుసుకోవడానికి కాలేజీ మారనక్కర్లేదు, పైసా కట్టనక్కర్లేదు. తమిళనాడు ప్లస్ వన్ గణితంలో 12 అధ్యాయాలు, ప్లస్ టూలో 12. మొత్తం 24. పుస్తకాలు ప్రభుత్వ వెబ్‌సైటులో ఊరికే దొరుకుతాయి. అధ్యాయానికి పదిహేను రోజులు పెట్టుకుంటే 360 రోజులు. కొండ మీది స్వామి దగ్గరికి రోజుకో మెట్టు ఎక్కుతున్నాననుకుంటే, అయిదు మెట్లు మిగిలి ఉండగానే 24 అధ్యాయాలూ అయిపోతాయి. ఏ దారి ఎంచుకున్నా, పాలిటెక్నిక్ అయినా ఐఐటీ డిగ్రీ అయినా, ఈ పుస్తకాల్లోదే మళ్లీ ఎదురవుతుంది.

ప్లస్ వన్ మొదటి అధ్యాయం సమితులు, సంబంధాలు, ప్రమేయాలు. మనసులో మాట ఇంట్లో చెప్పకముందే, టి.సి. అడగకముందే ఆ అధ్యాయం తెరిచి, సాయంత్రం గంటన్నర చొప్పున కూర్చుని ప్రతి అభ్యాసం చేతితో చేసి చూడమనండి. తప్పులు వచ్చినా ఫరవాలేదు, జవాబులు చివర ఉంటాయి. పదహారో రోజు సాయంత్రం ఎవరూ చెప్పకుండానే రెండో అధ్యాయం తెరిస్తే, ఆ ఇంట్లో పెద్దవాళ్లు కూర్చుని పైన చెప్పిన ఆరేళ్లు, నాలుగేళ్ల లెక్క వేయడం మొదలుపెట్టవచ్చు.